లిస్బన్‌లో ఎర్రపూల రోజు

లిస్బన్,
ఏప్రిల్ 25, రాత్రి

నాన్నగారికి,

ఇక్కడ ఇవాళ జాతీయ సెలవు. దుకాణాలు చాలావరకు మూసే ఉన్నాయి. అయినా ఈ ఊరు చూడడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. చంటిపిల్లల తల్లుల నుంచి చేతికర్రల ముసలివాళ్ల దాకా జనమంతా వీధుల్లోనే. ఎవరి చేతిలో చూసినా ఎర్రటి కార్నేషన్ పువ్వే.

1974లో ఇదే రోజున పోర్చుగల్ యువ సైనికాధికారులు తిరగబడి, 48 ఏళ్ల నియంతృత్వాన్ని ఒక్క రోజులో కూల్చేశారు. ఆఫ్రికా వలస రాజ్యాల్లో ఏళ్ల తరబడి సాగిన యుద్ధాలతో వాళ్లు విసిగిపోయారు. ఆ పొద్దున సెలెస్తే కాయెరో అనే ఆవిడ తను పనిచేసే రెస్టారెంట్‌కి వెళ్తే, ఇవాళ తెరవడం లేదన్నారట. రెస్టారెంట్ వార్షికోత్సవానికి తెప్పించిన పూలు వాడిపోతాయని పట్టుకెళ్లమన్నారు. దారిలో ఓ సైనికుడు సిగరెట్ అడిగాడు. ఆవిడ దగ్గర లేదు, ఓ పువ్వు ఇచ్చింది. అతను దాన్ని తుపాకి గొట్టంలో గుచ్చుకున్నాడు. పక్కవాళ్లకూ ఇచ్చుకుంటూ పోయింది.

పొద్దున్నే కార్మో కూడలికి వెళ్లాను. 1755 భూకంపంలో కప్పు కూలిన చర్చి ఇప్పటికీ అలాగే ఆకాశం కింద నిలబడి ఉంది. దాని పక్క బ్యారక్స్‌లోనే నాటి ప్రధాని కైతానో తలదాచుకున్నాడు. సల్గైరు మాయా అనే 29 ఏళ్ల కెప్టెన్ ఆ బ్యారక్స్‌ని చుట్టుముట్టాడు. సాయంత్రానికి కైతానో లొంగిపోయాడు. మాయా పేరున్న ఫలకం అక్కడ నేలలోనే ఉంది. ఒక పెద్దావిడ వంగి, దాని మీద రాలిన రేకులన్నీ ఏరేసి, పేరు కప్పకుండా తన పువ్వు పెట్టింది.

రక్తం చిందని విప్లవమంటారు గానీ అది పూర్తి నిజం కాదు. రహస్య పోలీసులు తమ కార్యాలయం నుంచి జరిపిన కాల్పుల్లో నలుగురు చనిపోయారు. వాళ్ల పేర్లు ఆ కార్యాలయం ఉన్న వీధిలో ఫలకం మీద ఉన్నాయి. నాలుగూ చదివాకే కదిలాను. పూలు చూసి మురిసేవాళ్లంతా అక్కడికీ వెళ్లాలి.

మధ్యాహ్నం లిబెర్దాద్ అవెన్యూలో ఊరేగింపు. నేనూ జనంలో కలిసి రొస్సియు దాకా నడిచాను. మనకూ ఈ రోజుతో సంబంధం ఉంది నాన్నగారూ. 1961లో గోవా విముక్తమైనా పోర్చుగల్ ఒప్పుకోలేదు. ఈ విప్లవం వచ్చాకే, 1974 డిసెంబరులో, గోవా భారతదేశానిదేనని సంతకం పెట్టింది. ఇది చెబితే నా పక్కన నడుస్తున్న కాలేజీ అమ్మాయి ఆశ్చర్యపోయి, వెనకాల వస్తున్న వాళ్ల నాన్నని పిలిచి మళ్లీ చెప్పించింది.

రేపు అల్జూబ్‌కి వెళ్తాను. రాజకీయ ఖైదీలను పెట్టిన పాత జైలు అది, 2015 నుంచి మ్యూజియం. అక్కడ చూసినవి రేపు రాత్రి రాస్తాను. అమ్మకి నమస్కారాలు.

మీ
చిన్నమ్మాయి