నవోషిమా: చీకటి నేర్పిన పాఠం

గత వేసవిలో జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వద్దకు వెళ్ళినప్పుడు నవోషిమా ద్వీపాన్ని సందర్శించే అవకాశం కలిగింది. ఊనో రేవు నుంచి ఓడలో 20 నిమిషాల ప్రయాణం. సుమారు 8 చదరపు కిలోమీటర్ల ద్వీపం. ఉత్తర భాగంలో 1917లో నెలకొల్పిన రాగి కర్మాగారం ఉన్నదని విని నా మనస్సు అటే మళ్ళింది. కానీ మావాడు మమ్మల్ని హొన్మురా గ్రామానికి తీసుకువెళ్ళాడు.

అక్కడ కాల్చి నల్లబరచిన చెక్కపలకలతో 'మినామిడేరా' అనే భవనం ఉన్నది. ఆ పేరుకు దక్షిణాలయమని అర్థం. వాస్తుశిల్పి తడావో ఆండో రూపొందించిన ఈ భవనంలో అమెరికన్ కళాకారుడు జేమ్స్ టరెల్ 1999లో 'చంద్రుని వెనుక వైపు' అనే రచనను నెలకొల్పారు. 1943లో లాస్ ఏంజెలెస్‌లో జన్మించిన టరెల్ మనస్తత్వశాస్త్ర పట్టభద్రులు, విమాన చోదకులు కూడా. వెలుగే ఆయనకు ముడిసరుకు.

గోడను తడుముతూ లోపలికి నడిచి బల్లపై కూర్చున్నాము. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. నా శ్రీమతి నా మోచేయి గట్టిగా పట్టుకున్నది.

"కరెంటు పోయిందేమోరా" అన్నాను.

"కాసేపు ఆగండి నాన్నా" అన్నాడు మావాడు.

కొన్ని నిమిషాలకు ఎదుట బూడిదరంగు దీర్ఘచతురస్రం మసకగా తోచింది. భ్రమ అనుకున్నాను. దగ్గరకు నడిచి చేయి చాపితే గోడ తగలలేదు, అంతా ఖాళీ. ఆ వెలుగు మేము వచ్చినప్పటి నుంచీ అంతే ఉన్నది. మారినవి మా కళ్ళు మాత్రమే!

కంటిలోని శంకుకణాలు చీకటికి అలవాటు పడటానికి సుమారు 10 నిమిషాలు, దండకణాలకు అరగంట వరకు పడుతుందని పుస్తకాలలో చదివినదే. అనుభవంలోకి వచ్చింది మాత్రం ఆనాడే.

బయటికి రాగానే నా పూర్వోద్యోగంలోని సంఘటన ఒకటి గుర్తుకు వచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం, ఆరుబయటి ఎండలోంచి కేబుల్ సొరంగంలోకి దిగిన కార్మికుడొకడు మెట్టు తప్పి కాలు విరగ్గొట్టుకున్నాడు. విచారణాధికారిగా నేను అరగంట లోపల తిరిగి, లక్స్ మీటరుతో కొలిచి, వెలుతురు ప్రమాణానికి తగినట్లే ఉన్నదని తేల్చాను. నివేదికలో 'అజాగ్రత్త' అని వ్రాశాను. ఆ ఒక్క మాటతో అతని ఇంక్రిమెంటు ఆగిపోయింది. నా కొలత తప్పు కాదు. కానీ అప్పటికి నా కళ్ళు చీకటికి అలవాటు పడినవి, అతనివి ఎండలోంచి వచ్చినవి. ఆ తేడా నాకు తట్టలేదు.

తిరిగి వచ్చాక అతని చిరునామా కనుక్కొని, తప్పు నాదేనని ఉత్తరం వ్రాశాను.

ఎండలోంచి సొరంగంలోకి దిగే సోదరులు గుమ్మం వద్ద కొన్ని నిమిషాలు ఆగాలని నా మనవి. ప్రమాద నివేదికలు వ్రాసే అధికారులూ కలం పట్టేముందు ఎండలోంచే నడిచి లోపలికి వెళ్ళి చూడాలని ప్రార్థన.