ముందుకా, వెనుకకా?

ఒకనాడు మేము ఎలక్ట్రిక్ ఆటోలో ఫిల్మ్‌నగర్ గుట్ట దిగుతున్నాము. దారి తప్పినానని తెలిసిన డ్రైవరు, బండి ఇంకా కదులుతుండగానే రివర్సు స్విచ్చి నొక్కినాడు. బండి పూర్తిగా ఆగిన పిమ్మటగాని మోటారు వెనుకకు తిరుగలేదు. మూడు ఫేజుల ఇండక్షన్ మోటారుకు ఏ రెండు తీగలు తారుమారు చేసినా దిశ మారును. కాని వేగంలో ఉండగా మార్చినచో కరెంటు విపరీతమై చుట్టలు మాడిపోగలవు. అందుకే ఆ నిరీక్షణ.

జూబ్లీహిల్స్‌లో మాకు తెలిసిన ఉస్తాద్ ఒకరు షూటింగు ట్రాలీకి ఇట్టి ఏర్పాటే స్వయంగా చేసినారు. "సాబ్, రేపు ఏ కంపెనీయో వచ్చి ఇది మాది, తీసెయ్యమంటే?" అని ఆయన అడిగిననాడు మాకు వెంటనే జవాబు తోచలేదు.

పాత్రలను లేత్‌కు బిగించే పద్ధతిపై వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 1978లో, కార్ఖానాలో సహజంగా తోచే మెరుగుదల ఆవిష్కరణ కాదని ఆ పేటెంటును త్రోసిపుచ్చినది. మన చట్టం ప్రకారం పేటెంటు గడువు 20 సంవత్సరాలు. అయితే దరఖాస్తుకు ముందే దేశంలో బహిరంగంగా వాడుకలో ఉన్నదని రుజువైతే ఆ పేటెంటు రద్దు కావచ్చును. ఆ రుజువే ఉస్తాద్ వద్ద లేదు. పనితనమంతా చేతిలోనే ఉన్నది, కాగితంపై ఒక్క అక్షరమైనా లేదు.

ఆ సాయంత్రం ఆయన ఉర్దూలో చెప్పగా మేము తెలుగులో వ్రాసితిమి. పటం గీచి, ట్రాలీ వాడినవారిచేత సంతకాలు చేయించి, తేదీ వేసితిమి. విద్యార్థులారా, మీ ఇంటి పెద్దల చేతిపనిని గూర్చి ఎవరైనా వ్రాసి ఉంచినారా?