నేల కింద రైల్లో ఫోను మూగబోతే...

పొయ్యి మీద పాలు పెట్టి, వీధిలో ఎవరో పిలిస్తే వెళ్ళి మాటల్లో పడిపోయారనుకోండి. ఉన్నట్టుండి పాలు గుర్తొచ్చిన క్షణంలో గుండె ఎలా జారుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా అలాగే నా గుండె లండన్‌లో జారింది. నేల కింద నడిచే రైలు దిగి మెట్లెక్కుతుంటే! ఆ సంగతే మీకు చెబుదామని కూర్చున్నాను.

మాది విజయవాడ. ఇంటరుతో చదువాపేసి, ఇరవయ్యో ఏట పెళ్ళి చేసుకుని, వంటిల్లే లోకంగా బతికినదాన్ని. మెట్రో రైలు మొదటిసారి ఎక్కింది హైదరాబాద్‌లో. 2017 నవంబరులో మొదలైన ఆ మెట్రో మీలో చాలామంది ఎక్కే ఉంటారు. అదంతా స్తంభాల మీదే కదా! కింద రోడ్లూ, మేడలూ చూసుకుంటూ, ఫోనులో కబుర్లు చెప్పుకుంటూ హాయిగా వెళ్ళొచ్చు. సిగ్నలు గురించిన బెంగే ఉండదు.

తర్వాత 2019లో మావారితో ఢిల్లీ వెళ్ళాను. రాజీవ్ చౌక్‌లో మెట్లు దిగుతుంటే పాతాళానికి పోతున్నట్టే ఉంది. చాందినీ చౌక్ వెళ్ళే రైలెక్కామో లేదో తెనాలి నుంచి మా అమ్మ ఫోను. "ఈసారి ఆవకాయలో నూనె ఎంత పోయమంటావే?" అని. పైన చావ్రీ బజార్ జనం, కింద సొరంగంలో నేను, తెనాలిలో అమ్మ. మధ్యలో రెండుసార్లు మాట తెగినా, మళ్ళీ కలిసింది. ఆవకాయ లెక్క తేలింది. దాంతో నేల కింద కూడా ఫోను పనిచేస్తుందని నాకు ధీమా వచ్చేసింది. ఆ ధీమానే నా కొంప ముంచబోయింది.

2023 జూన్‌లో మా అమ్మాయి దగ్గరకి లండన్ వెళ్ళాను. ఉద్యోగంలో చేరి ఏడాదైంది, ఆరువారాలు ఉండి రా అంది. ఈస్ట్ హామ్‌లో ఉంటుంది. అక్కడ మన కూరగాయలు, ఇడ్లీ రవ్వ, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. పరాయిదేశంలో ఉన్నట్టే అనిపించదు. ఆరువారాలకే కొత్త సిమ్ ఎందుకులే అని మన నంబరుకే రోమింగ్ వేయించుకున్నాను.

నేను వెళ్ళిన మూడోవారంలో అమ్మ స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. తమ్ముడు గుంటూరు తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చాడు. ఆపరేషన్ మర్నాడు సాయంత్రం అయిదింటికన్నారు. అంటే లండన్‌లో పన్నెండున్నర. నేను వచ్చేస్తానంటే, "నువ్వు వచ్చేలోపు ఆపరేషన్ అయిపోతుందక్కా, కంగారు పడకు" అన్నాడు. కన్నతల్లి మంచాన పడితే కూతురు సముద్రాల అవతల ఉండటం ఎంత నరకమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

"ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఏడవకమ్మా, నా ఆఫీసు దగ్గరకి వచ్చెయ్. సెలవు పెట్టి నీ పక్కనే ఉంటా" అంది అమ్మాయి. ఈస్ట్ హామ్‌లో రైలెక్కి, మైల్ ఎండ్‌లో దిగి, అదే ప్లాట్‌ఫారం మీద అటువైపు వచ్చే సెంట్రల్ లైన్ రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో దిగాలి. అంతకుముందు రెండుసార్లు తనతో వెళ్ళిన దారే. సరేనని బయల్దేరాను.

మొదట రైలు నేల మీదే నడుస్తుంది. తర్వాత లోపలికి దూరింది. ఫోను చూసుకుంటే సిగ్నలు గీతలు ఒక్కటీ లేవు! స్టేషను వచ్చినప్పుడల్లా పక్కనున్న అమ్మాయి ఫోను టింగు టింగుమని మోగుతోంది. అందరి తలలూ ఒక్కసారిగా ఫోన్లలోకి వంగుతున్నాయి. రైలు కదలగానే మళ్ళీ నిశ్శబ్దం. నా ఫోను మాత్రం స్టేషన్లో కూడా ఉలకలేదు, పలకలేదు. స్టేషన్లలో వైఫై ఉంటుంది గానీ అది అక్కడి కంపెనీల సిమ్ ఉన్నవాళ్ళకని నాకు తర్వాత తెలిసింది. ఏంచేస్తాను? ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుంటూ స్టేషన్లు లెక్కపెట్టుకున్నాను.

ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో దిగి, ఎస్కలేటరెక్కి, ఆఖరి మెట్ల మీదికి వచ్చేసరికి చేతిలో ఫోను వరసగా అదిరింది. తమ్ముడి దగ్గర్నుంచి ఆరు మిస్డ్ కాల్సు! పాలు గుర్తొచ్చిన క్షణం అన్నానే, అదే ఇది. తిరిగి చేస్తే తమ్ముడు ఎత్తడు. అమ్మాయి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. వణుకుతూ మావారికి చేశాను.

"కంగారు పడకు. నేను చెప్పేశాలే" అన్నారాయన.

జరిగిందేమిటంటే, మత్తు ఇచ్చే డాక్టరుగారు "ఆవిడకి పడని మందులేమైనా ఉన్నాయా?" అని అడిగారట. అమ్మ నొప్పికిచ్చిన మందు మగతలో ఉంది. 1998లో పెన్సిలిన్ ఇంజెక్షన్ చేస్తే అమ్మకి ఒళ్ళంతా దద్దుర్లొచ్చి, మొహం వాచి, ఊపిరాడక చావుతప్పి బయటపడింది. అప్పుడు పక్కనున్నది నేనే. తమ్ముడు హాస్టల్లో చదువుకుంటున్నాడు. ఏదో మందు పడదని వాడికి తెలుసు, పేరు తెలీదు. నాకు ఆరుసార్లు చేసి, చివరికి వాళ్ళ బావకి చేశాడు. ఈయనకీ గుర్తులేదు. కానీ ఫ్రిజ్ మీద నా నోటుపుస్తకం ఉంది చూశారూ, పాలలెక్క, చీటీపాటలెక్క, పిండివంటల కొలతలు రాసుకునేది, దాని ఆఖరి పేజీలో ఎర్రసిరాతో "అమ్మకి పెన్సిలిన్ పడదు" అని ఎప్పుడో రాసుంచాను. అది వెతికి చెప్పారట. ఇరవై ఐదేళ్ళుగా నన్ను "చిత్రగుప్తుడి చిట్టా" అని ఏడిపించిన మనిషి ఆరోజు ఆ పుస్తకానికి దణ్ణం పెట్టానన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. కానీ నా మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. మన ఢిల్లీలో వచ్చిన సిగ్నలు అంత పెద్ద లండన్‌లో ఎందుకు రాలేదు? అమ్మాయి విడమర్చి చెప్పింది. ఫోను మాట్లాడేది టవర్‌తో. మట్టీ, కాంక్రీటూ అడ్డొస్తే ఆ తరంగాలు లోపలికి చేరవు. అందుకని సొరంగం గోడ పొడుగునా ఒకరకం తీగ వేస్తారు. దాని తొడుగుకి చీలికలుంటాయి. తోటలో చిల్లుల పైపులోంచి నీళ్ళు చుక్కలుగా కారినట్టు, ఆ తీగలోంచి సిగ్నలు కారుతుందన్నమాట. ఆ తీగ వేసినచోట ఫోను పలుకుతుంది, లేనిచోట మూగే.

లండన్ రైలు ప్రపంచంలోనే మొట్టమొదటి భూగర్భ రైలు. 1863లో పొగబండితో మొదలైంది. టెలిఫోన్ పుట్టిందే 1876లో! నేనెక్కిన సెంట్రల్ లైన్ 1900 నాటిది. ఆ సొరంగాలు మూడున్నర మీటర్ల వెడల్పుంటాయంతే. పెన్నులో రీఫిల్లులా రైలు వాటిలో ఇరుక్కుని పోతుంది. పైగా పనంతా రైళ్ళు ఆగిన రాత్రివేళ నాలుగు గంటల్లో చెయ్యాలి. 2012 ఒలింపిక్స్‌కి స్టేషన్లలో వైఫై పెట్టారు. సొరంగంలో ఫోను సిగ్నలు మొదటగా 2020 మార్చిలో జూబిలీ లైన్లో కొంతమేర ఇచ్చారు. ఆ తర్వాత మిగతా లైన్లకీ ముక్కముక్కగా వేసుకొస్తున్నారు. ఢిల్లీలో నేల కింద రైలు నడిచింది 2004లో, అప్పటికే సెల్‌ఫోన్లున్నాయి. న్యూయార్క్‌లో ఉండే మా ఆడపడుచుదీ ఇదే కథ. అక్కడి రైలు 1904 నాటిది. 2017 మొదటికల్లా నేల కింది స్టేషన్లన్నిటిలో సిగ్నలిచ్చారు గానీ, స్టేషన్ల మధ్య చాలాచోట్ల మాట తెగిపోతుందంటుంది. అంటే పెద్దూరా, చిన్నూరా అని కాదు, ఎప్పుడు తవ్వారు, తీగ వేశారా లేదా అన్నదే లెక్క.

ఆపరేషన్ అయిన మర్నాడు అమ్మాయి నన్ను పనిగట్టుకుని జూబిలీ లైన్ ఎక్కించింది. నార్త్ గ్రీనిచ్ దాటి రైలు థేమ్స్ నది కింద నుంచి పోతుంటే ఫోను మోగింది. "తిన్నావుటే?" అంది అమ్మ. ఆస్పత్రి మంచం మీద నుంచి నన్నడిగిన మొదటి మాట అది! నది కింద కూర్చుని, చుట్టూ తెల్లవాళ్ళున్నా సిగ్గుపడకుండా ఏడ్చాను.

మీరూ, మీ పిల్లలూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి రైలెక్కుతారు. నా మాట విని కొన్ని గుర్తుపెట్టుకోండి. మెట్లు దిగే ముందే "ఫలానాచోట ఎక్కుతున్నా, ఇంతసేపట్లో పైకొస్తా" అని ఇంట్లోవాళ్ళకి కబురు పెట్టండి. దిగాల్సిన స్టేషను, మారాల్సిన స్టేషను చీటీ మీద రాసుకోండి. ఫోనులో చూడొచ్చులే అనుకోవద్దు. ఊరి పటం ముందే ఫోనులోకి దింపి ఉంచుకోండి. తోడున్నవాళ్ళు తప్పిపోతే ఏంచెయ్యాలో ముందే అనుకోండి. రైల్లో ఉండిపోయినవాళ్ళు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే నిలబడాలి, వెనకున్నవాళ్ళు వచ్చి కలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో, రోజూ ఏం వేసుకుంటారో కాగితం మీద రాసి అందరికీ తెలిసేచోట పెట్టండి. మన బుర్రలో దాచుకున్నది మనం అందనప్పుడు ఎవరికీ పనికిరాదు.

చివరగా ఒక్క మాట. అమ్మ కర్ర పట్టుకుని నడవటం మొదలెట్టాక, కలకత్తా కాళీమాతను చూడాలంది. 2024 డిసెంబరులో హౌరా మెయిల్లో తీసుకెళ్ళాను. మన దేశంలో మొదటి మెట్రో 1984లో నడిచింది కలకత్తాలోనే. 2024 మార్చి నుంచి హుగ్లీ నది కింద కూడా రైలు నడుస్తోంది. హౌరాలో లిఫ్టులో కిందికి దిగి ఎక్కాం. నది కిందికి రాగానే సొరంగం గోడల మీద నీలం దీపాలు కనిపిస్తాయి. 520 మీటర్లు, ముప్పావు నిమిషం. అంతలో లండన్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్! బొమ్మ కాస్త తడబడింది గానీ తెగలేదు.

అమ్మ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చెయ్యి నెత్తిన పెట్టుకుని మనవరాలితో అంది: "బుజ్జీ, గంగమ్మ శివుడి నెత్తినే ఉంటుందనుకున్నానే. ఇవాళ నా నెత్తి మీదా ఉంది. ఇంతకీ నువ్వు తిన్నావా?"