అచల కదిలితే

అమరకోశం భూమికి 'అచల' అనీ, 'స్థిర' అనీ పేర్లు పెట్టింది. ఏటేటా పిల్లలకు ఈ పేర్లు చెబుతూనే ఉన్నాను. కాని శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. భూమి పైపెచ్చు పెద్దపెద్ద పలకలుగా ఉందనీ, మన పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరంగా జరుగుతూ హిమాలయాల దగ్గర ఒరుసుకుంటోందనీ వారి మాట. ఆ ఒత్తిడి పలక నడుమనున్న పాత బీటల్లోనూ పేరుకుంటుంది; ఓర్చుకోలేనినాడు రాయి చటుక్కున జారుతుంది. అదే భూకంపం.

అటువంటి ప్రాచీనమైన బీటే మన గోదావరి లోయ! 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు అదిరింది ఆ లోయలోనే.

మా రావులపాలెంలో ఈ మాటంటే, "ఆయ్, గోదారి తల్లి ఉండగా మనకేం భయమండీ?" అంటారు. నిజమే, ఆ తల్లి తెచ్చిపోసిన ఒండ్రే మన అరటితోటలకు ప్రాణం. కాని రాతినేల కన్నా మెత్తని ఒండ్రునేల ఎక్కువ ఊగుతుంది.

అందుకే మా కొత్త ఇంటి దగ్గర పేచీ వచ్చింది.

"మాస్టారూ, కింద ఉత్త స్తంభాలే వదిలేసి, పైన రెండంతస్తులు వేసేద్దామండీ. కారుకి చోటుంటుంది" అన్నాడు మేస్త్రీ.

2001లో గుజరాత్ భూకంపానికి అహమ్మదాబాదులో కూలినవాటిలో ఇలా కింద గోడలు లేని మేడలు చాలా ఉన్నాయి. ఇంజనీరు చేత లెక్క కట్టించి, స్తంభాల నడుమ గోడలు పెట్టించమన్నాను.

"మరి కారో?" అంది మా ఆవిడ.

"దానికి కొబ్బరిచెట్టు నీడ చాలు."

"కాయ పడితే?"

"అద్దం పోతుంది. ఇల్లు పడితే?"

మా ఆవిడ మరి మాట్లాడలేదు. 'స్థిర' అన్న పేరు భూమికి ఎలాగూ నిలవలేదు. మనం కట్టుకునే ఇంటికైనా నిలవాలి కదా!