మల్లమ్మ కొండ మీద పద్దెనిమిది గుంతలు

ఈసారి గోల్ఫ్ గురించి రాస్తున్నాను. గోల్ఫ్ తెలియనివాళ్ళు పారిపోకండి. ఇందులో ఆట తక్కువ, నేల ఎక్కువ.

నేను కమ్మింగ్‌లో పుట్టి పెరిగాను. జార్జియాలో, అట్లాంటాకు ఉత్తరాన. ఇక్కడ తెలుగు వినడానికి కరువు లేదు. కానీ ఇక్కడ వినేదంతా ఇంటి లోపలి తెలుగు. అన్నం, స్నానం, హోంవర్క్, చెప్పులు బయట విప్పు. నేల గురించి ఎవరూ మాట్లాడరు. మా ఊళ్ళో సానీ మౌంటెన్ అని ఒక కొండ ఉంది, 1,946 అడుగులు. దాన్ని ఎక్కేటప్పుడు కూడా మా నాన్న "ఇక్కడ స్టీప్‌గా ఉంది, స్లిప్ అవుతావు" అంటాడు. ఆ వాక్యంలో తెలుగు ఎంతో మీరే లెక్క పెట్టండి.

కంప్యూటర్ గోల్ఫ్ ఆటల్లో కొన్నిటికి కోర్స్ డిజైనర్ ఉంటుంది. లింక్స్ అనే పాత ఆటలో ఆర్నాల్డ్ పామర్ పేరుతో ఒకటి ఉండేది. 2014లో కెనడావాళ్ళు, హెచ్‌బి స్టూడియోస్, ది గోల్ఫ్ క్లబ్ అనే ఆట తెచ్చారు. తర్వాత వచ్చిన పీజీఏ టూర్ 2కే ఆటలు ఆ దారిలోవే. వీటిలో మీకు ఒక ఖాళీ నేల ఇస్తారు. దాన్ని పైకి లాగొచ్చు, కిందికి నొక్కొచ్చు, గడ్డి పరచొచ్చు, చెట్లు నాటొచ్చు. చాలామంది నిజం కోర్సులను చూసి అలాగే కడతారు. నాకు మాత్రం ఎక్కడా లేనిది కట్టాలని ఉండింది. ఒక కొండ, కొండ మీద ఒక రిసార్టు, దాని చుట్టూ పద్దెనిమిది హోల్స్.

కొండ నాకు ముందే తెలుసు. మా తాత, అవ్వ మదనపల్లె దగ్గర ఒక పల్లెలో ఉంటారు. వాళ్ళ మిద్దె మీద నిలబడితే హార్స్లీ హిల్స్ కనిపిస్తుంది. 4,000 అడుగులకు పైనే ఎత్తు. కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్లీ 1870 ప్రాంతంలో ఎండ తప్పించుకోవడానికి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఆయన పేరే కొండకు మిగిలింది. అంతకు ముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయట. జబ్బు చేసినవాళ్ళకు ఆమె నయం చేసేదట. ఒకరోజు కనబడకుండా పోయిందట. మా అవ్వ ఇప్పటికీ "హార్స్లీ" అనదు. కాబట్టి నా కోర్సు పేరు మల్లమ్మ కొండ. దీనికి ఎక్కువ ఆలోచించలేదు.

హోల్స్ పేర్లకే ఆలోచించాల్సి వచ్చింది. మా రాష్ట్రంలోనే అగస్టా నేషనల్ ఉంది కదా, బాబీ జోన్స్, అలిస్టర్ మెకెంజీ కలిసి 1930లలో చేసిన కోర్సు. అంతకుముందు ఆ స్థలం మొక్కల నర్సరీ. అక్కడ ప్రతి హోల్‌కూ ఒక చెట్టు పేరో, పూల పేరో ఉంటుంది. పదోది కెమీలియా, పదమూడోది అజేలియా. నాకు పూల పేర్లు వద్దు, నేల పేర్లు కావాలి. తెలుగులో కావాలి. అప్పుడు నా దగ్గర ఉన్న మాటలు మూడు: కొండ, లోయ, నది. మూడు మాటలతో పద్దెనిమిది హోల్స్ గడవవు.

అందుకే తాతను అడిగాను.

అంతకు ముందు మా ఫోన్ కాల్ ఎలా ఉండేదో చెప్తాను. "తిన్నావా?" "తిన్నా తాతా." "బాగా చదువుకుంటాండావా?" "ఆ." "సరే, నాయనకియ్యి ఫోను." రెండు నిమిషాలు. మీలో చాలామందికి ఈ కాల్ తెలుసు. ప్రేమ లేక కాదు, మాట్లాడడానికి వస్తువు లేక.

ఇప్పుడు వీడియో కాల్‌లో నా స్క్రీన్ చూపించాను. అవ్వ ఫోను పట్టుకుంది, తాత కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు.

"పచ్చగా ఉండాదే. ఏం పంట నాయనా?"

"పంట కాదు తాతా, గడ్డి."

"గడ్డా? ఎనుములకా?"

"కాదు, ఆడుకోడానికి."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొండ వాలు చూపించి ఇది ఏంది, అది ఏంది అని నేను అడగడం మొదలుపెట్టాను. మాటలు ఇంక ఆగలేదు. టీ కొట్టే ఎత్తైన చోటు దిన్నె. మెట్లు మెట్లుగా దిగే చిన్న చిన్న పొలాలు కయ్యలు, వాటి మధ్య గట్టు గెనిమ. రెండు కొండల మధ్య దారి కనుమ. చెట్లతో, నీళ్ళతో కొండల మధ్య లోతుగా ఉండేది కోన. తలకోన పేరులో ఉన్నది అదే. బండ మీద వాన నీళ్ళు నిలిచే గుంట దొన. నా పుస్తకంలో ఇవేవీ లేవు. పుస్తకంలో విమానాశ్రయం ఉంది.

నాకు బాగా నచ్చింది వంక. మా తాత వాళ్ళ వైపు వంక అంటే చిన్న ఏరు, వేరేచోట్ల వాగు అంటారు. వంక అంటే వంపు కూడా, నెలవంకలో లాగా. సాకు కూడా వంకే. నా ఐదో హోల్ ఒక ఏటి పక్కన ఎడమకు తిరుగుతుంది. ఇంగ్లీషులో దాన్ని కుక్క కాలితో పోలుస్తారు. నేను దానికి వంక అని పేరు పెట్టాను. బంతి నీళ్ళలో పడితే చెప్పే సాకు కూడా పేరులోనే ఉంది.

పదకొండోది గాలిబండ. హార్స్లీ హిల్స్ మీద నిజంగానే గాలిబండ అనే చోటు ఉంది, పెద్ద బండ, గాలి ఆగదు. నా హోల్ 165 గజాల పార్ 3, గ్రీన్ బాగా కిందికి ఉంటుంది. అంత ఎత్తులో గాలి పలచన కాబట్టి నిజం బంతి అయితే దాదాపు 5 శాతం ఎక్కువ దూరం పోతుంది. ఇది తాతకు చెప్పాను. "గాలిబండ కాడ కొడితే నీ బంతి మదనపల్లె టమాటా మార్కెట్లో పడుతుంది" అన్నాడు. అవ్వ ఎంత నవ్విందంటే ఫోను ఊగి నాకు పైకప్పు కనిపించింది.

మూడో వారం తాత ఒక ప్రశ్న అడిగాడు. "ఇంత గడ్డికి నీళ్ళు యాడివి?"

ఆటలో గడ్డికి నీళ్ళు అక్కర్లేదు తాతా అని చెప్పొచ్చు. చెప్పలేదు. నిజం కోర్సుకు ఎండాకాలంలో రోజుకు లక్షల లీటర్లు పోతాయి, ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను కొండ పైన ఒక చెరువు పెట్టి ఉన్నాను, అందం కోసం. తాత దాన్ని చూసి "పైన పెడితే నిండదు, నీరు పల్లమెరుగు" అన్నాడు. తర్వాత వరసగా అడిగాడు. వాన నీళ్ళు ఏ వంకలో నుంచి వస్తాయి? కట్ట ఏ పక్క? తూము యాడ? మరవ యాడ? మరవ అంటే చెరువు నిండినాక మిగిలిన నీళ్ళు బయటికి పోయే చోటు. తెలంగాణలో మత్తడి అంటారు, అలుగు అని కూడా అంటారు. మరవ లేని చెరువుకు కట్ట తెగుతుంది.

"మీ ఊళ్ళో చెరువు ఉండాదా?" అన్నాడు.

ఉంది. లేక్ లేనియర్. చట్టహూచీ నదికి అడ్డంగా 1950లలో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టినప్పుడు వచ్చింది, దాదాపు 38,000 ఎకరాలు. ఆ అంకె చెప్పాను. తాత మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. "ఎండిపోదా?" "తగ్గుతుంది తాతా, ఎండిపోదు."

అప్పుడు ఆయన తన పొలం గురించి చెప్పాడు. నాకు ఆ పొలం ఫోటోలో తెలుసు, టమాటా మొక్కల మధ్య మా నాన్న చిన్నప్పుడు నిలబడిన ఫోటో. మొదట బావి ఉండేది. బావి ఎండింది. బోరు వేశారు. అదీ ఎండింది. ఇంకోటి వేశారు. చివరిది వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేచింది. రాత్రంతా ఆ మిషను పక్కనే కూర్చున్నాడట, తెల్లారేసరికి ఒళ్ళంతా తెల్లగా అయిందట. ఆ సంవత్సరమే రెండు కయ్యలు అమ్మాడు. మా నాన్న అమెరికా టికెట్టు అందులో నుంచే వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. ఇదంతా ఆయన చాలా మామూలుగా చెప్పాడు. కయ్య, గెనిమ, తూము, వంక, దిన్నె. పోయిన నెల చెప్పి ఉంటే నాకు సగం అర్థమయ్యేది కాదు. ఈసారి ఒక్క మాట కూడా మధ్యలో ఆపి అడగలేదు.

ఆ రాత్రి మా నాన్నను టికెట్టు గురించి అడిగాను. "తాత చెప్పాడా?" అని మాత్రం అన్నాడు. తర్వాత వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని స్క్రీన్ చూస్తూ కూర్చున్నాడు. "ఆ వంక అక్కడ కాదు, ఇంకొంచెం తూర్పుకి" అన్నాడు. స్టీప్ అనలేదు, ఏటవాలు అన్నాడు.

పని చాలా పెరిగింది. పైనున్న చెరువు తీసేశాను. కొండకు పడమటి వైపు మూడు వంకలు తవ్వి, పదమూడు, పద్నాలుగు హోల్స్ మధ్య పల్లంలో కలిపాను. అక్కడ కట్ట వేస్తున్నాను. గ్రీన్ మీద గుంత పెట్టే చోట వాలు 3 శాతం దాటకూడదు, దాటితే బంతి నిలవదు. కట్ట పక్కన అంత చదును నేల దొరకడం లేదు, పద్నాలుగో గ్రీన్ ఇప్పటికి నాలుగుసార్లు జరిపాను. చింతచెట్టు కూడా లేదు. ఆట ఇచ్చే చెట్లలో చింతకు దగ్గరగా కనిపించేది వెతుకుతున్నాను, అవ్వ ఒక్కటీ ఒప్పుకోవడం లేదు.

తాతకు మోకాళ్ళ నొప్పి, కొండ ఎక్కి చాలా ఏళ్ళయింది. ఆదివారం పొద్దున, అక్కడ సాయంత్రం, కెమెరాను దిన్నె దగ్గర పెట్టి నెమ్మదిగా నడిపిస్తాను. ఆయన "నిలుపు" అంటే నిలుపుతాను. పోయిన ఆదివారం కట్ట మీద నిలిపించాడు. చాలాసేపు చూసి, మరవ దక్షిణం పక్క పెట్టమన్నాడు, రాళ్ళు పెద్దవి వేయమన్నాడు. సగం వేశాను.