మా కథ మా గూడేనికి చేరే దారి

విశ్వవిద్యాలయాల్లో చదివే మా గూడేల పిల్లలకు కష్టం ఫీజు దగ్గరే ఆగదు. పుస్తకం దొరకడం ఇంకో కష్టం. సారు తరగతిలో ఒక పుస్తకం పేరు చెబుతారు. గ్రంథాలయంలో అది ఒక్క ప్రతే ఉంటుంది. చదవాల్సినవాళ్లు నలభై మంది. అందుకని దాన్ని ఇంటికి ఇవ్వరు. కౌంటరు వెనక విడిగా పెట్టి, అడిగినవాళ్లకు ఒక గంటో రెండు గంటలో అక్కడే చదువుకోనిస్తారు. దాన్నే రిజర్వు పుస్తకం అంటారు. పద్ధతి మంచిదే. కానీ హాస్టల్ దూరమైనవాళ్లకు, సాయంత్రం పనికి పోయి ఖర్చులు వెళ్లదీసుకునేవాళ్లకు ఆ పుస్తకం చేతికొచ్చేసరికి పరీక్షలు కూడా వచ్చేస్తాయి.

మా బడిలో అయిదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లో ఎం.ఎ. చదువుతోంది. వాళ్ల గ్రంథాలయంలో ఈ ఏడాది ఆ రిజర్వు అరను కంప్యూటర్‌లోకి తెచ్చారు. సెమిస్టరు మొదట్లో అధ్యాపకులు జాబితా ఇస్తారు. గ్రంథాలయం వాళ్లు కావలసిన అధ్యాయాన్ని స్కాన్ చేసి పెడతారు. ఆ కోర్సులో చేరినవాళ్లు తమ నంబరు, పాస్‌వర్డ్ కొట్టి ఫోన్‌లోనే చదువుకోవచ్చు. "ఇప్పుడు ఎవరి వంతు కోసం ఎవరూ ఆగక్కర్లేదు సార్" అని ఆ అమ్మాయి చెబితే మాకు చాలా సంతోషమైంది.

ఏ పుస్తకం చదువుతున్నావమ్మా అని అడిగాం. హైమెన్‌డార్ఫ్ రాసిన 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' అంది. 1948లో అచ్చయిన పుస్తకం అది. మా దేవుళ్ల కథలు, మా సగల పుట్టుక, మా పండుగలు అందులో ఉన్నాయి. వాటిని ఆయనకు చెప్పింది మా పెద్దలూ, మా కథలు పాడే పర్ధానులూ. 1943లో మర్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది కూడా ఆయన చొరవతోనే. అంటే మా ఉద్యోగాల వేరు కూడా అక్కడే ఉంది. అయినా ఆ పుస్తకాన్ని మాలో ఒక్కరమూ చేత్తో పట్టుకోలేదు.

ఆ వేసవిలో శిక్షణ కోసం మేము కొందరం హైదరాబాద్ వెళ్లాం. ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వెతికాం. పోటీ పరీక్షల గైడ్లు దొరికాయి, పిల్లల బొమ్మల పుస్తకాలు దొరికాయి. మా పుస్తకం దొరకలేదు. మర్నాడు నాంపల్లి వైపు ఒక గ్రంథాలయానికి వెళ్లి అడిగాం. "మీకు సభ్యత్వం ఉందా?" అన్నారు. లేదన్నాం. అంతే. మా కథ చదవడానికి మూడు వందల కిలోమీటర్లు వచ్చి, గడప దగ్గర ఆగిపోయాం.

కొత్త పద్ధతి ఆ దూరాన్ని తగ్గించగలదు. కానీ తాళం అందులోనూ ఉంది. కౌంటరు దగ్గర సభ్యత్వం అడిగేవారు, ఇక్కడ పాస్‌వర్డ్ అడుగుతారు. కోర్సులో చేరిన అమ్మాయికి అధ్యాయం వస్తుంది. ఆ కథ చెప్పిన తాత మనవడికి రాదు.

ఈ తాళం వెనక చట్టం ఉంది. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు పుస్తకంపై హక్కులుంటాయి. హైమెన్‌డార్ఫ్ 1995లో చనిపోయారు. కాబట్టి 2055 దాకా ఆయన పుస్తకాన్ని అనుమతి లేకుండా అందరి ముందూ పెట్టడం కుదరదు. అయితే బోధన కోసం చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు జిరాక్సు తీసి ఇస్తున్న ఒక చిన్న దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వంటి పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. 2016 సెప్టెంబర్ 16న ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. సంస్థలు అప్పీలుకు వెళ్లినా, చివరికి 2017లో కేసు విరమించుకున్నాయి. పేద విద్యార్థి చదువు కూడా చట్టం ముందు బరువున్న విషయమేనని ఆ కేసు చూపించింది.

హక్కుల గడువు తీరిన పుస్తకాల సంగతి వేరు. గిడుగు వెంకట రామమూర్తి గారు సవర భాష గురించి రాసిన పుస్తకం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. ఆయన 1940లో కన్నుమూశారు. అలాంటి పుస్తకాలకు పాస్‌వర్డ్ ఎందుకు? శ్రీకాకుళం కొండల్లోని సవర పిల్లాడు కూడా తెరిచి చూసుకునేలా పెట్టవచ్చు.

నాంపల్లిలో 1985లో మొదలైన తెలుగు విశ్వవిద్యాలయాన్ని చూడండి. అది వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం పెట్టింది. శ్రీశైలం, రాజమండ్రి, కూచిపూడిలోనూ పీఠాలు నడిపింది. ఇలా ఊరూరా విద్యార్థులున్న సంస్థల్లో పుస్తకం ఒక ఊళ్లో, చదివేవాడు మరో ఊళ్లో ఉంటారు. ఈ పద్ధతి అవసరం అలాంటి చోట్లే ఎక్కువ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు విశ్వవిద్యాలయంలో ఉంటే ఈ నాలుగు మాటలు అడగండి. మన భాషల మీద, మన చరిత్ర మీద ఉన్న పుస్తకాలను జాబితాలో చేర్చమనండి. గడువు తీరినవాటిని అందరికీ తెరవమనండి. తక్కినవాటిని బయటి నుంచి వచ్చినవాళ్లు గ్రంథాలయంలో కూర్చునైనా చదివేలా ఒక కంప్యూటర్ కేటాయించమనండి. పేజీలను చిన్న ఫోన్‌లో స్పష్టంగా కనబడేలా, ఒకసారి దింపుకుంటే నెట్ లేకున్నా తెరుచుకునేలా పెట్టమనండి. మా దగ్గర సిగ్నల్ కావాలంటే ఇప్పటికీ గుట్ట ఎక్కాల్సిన గూడేలున్నాయి.

ఉపాధ్యాయ మిత్రులారా, మన పని కూడా ఒకటుంది. హైమెన్‌డార్ఫ్‌కు కథలు చెప్పిన పెద్దలు ఇప్పుడు లేరు. వాళ్ల తరువాతి తరం మన మధ్యే ఉంది. వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు ఒప్పుకున్నంత మేరకు రాసుకుందాం. అలా రాసినది రేపు విశ్వవిద్యాలయం చేతికి వెళ్లినా, దాని మొదటి ప్రతి మన బడిలో, ఎవరైనా వచ్చి చదువుకునేలా ఉండాలి.