అమ్మ వేలిముద్ర

30 సెంట్ల పొలం అమ్మగా వచ్చిన సొమ్ములో సగం అన్నయ్య బాకీలకు పోయింది. మిగతాది అమ్మ తన ఖాతాలో ఉంచుకుంది. ఎరువుల కొట్లో కట్టాలని అన్నయ్య వెళ్ళి పాస్‌బుక్ వేయించుకొస్తే అందులో వందలే మిగిలాయి. వరసగా 10,000, మళ్ళీ 10,000, మధ్యలో ఒకసారి 9,500. ప్రతి పద్దు పక్కనా ఏఈపీఎస్ అని ఉంది. అంటే ఆధార్ నంబరు చెప్పి, మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకోవడం. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. చదువురాని వాళ్ళకు సులువుగా ఉంటుందని పెట్టారు. దొంగలకూ సులువే అయింది.

బ్రాంచిలో విన్న మొదటి మాట: “వేలిముద్ర పడిందమ్మా. మీ అమ్మగారే తీసుంటారు. పెద్దావిడ కదా, మర్చిపోయుంటారు.” రెండో మాట ఇంకా ఘోరం: “ఆవిణ్ణి మినీ బ్యాంకుకి ఎవరు తీసుకెళ్తుంటారు?”

తీసుకెళ్ళేది మా మేనల్లుడు. ఇంటర్ చదువుతున్నాడు. నానమ్మను బండెక్కించుకుని వెళ్ళి, ఐదొందలో వెయ్యో తీయించి, మళ్ళీ ఇంటి దగ్గర దించుతాడు. ఆ ప్రశ్న బ్యాంకులో ఆగకుండా మాతోపాటు ఇంటికొచ్చింది. అన్నయ్య వాడి ఫోన్ లాక్కుని వెతికాడు. “మీ చెల్లెలు టౌన్లో కూర్చుని మా మీద లెక్కలు వేస్తోంది” అని వదిన నాతో మాట్లాడటం మానేసింది. వాడు అన్నం దగ్గరికి రాలేదు. డబ్బు పోయిందంటే ఊరంతా అయ్యో అంటుంది. ఇంట్లోవాడి మీద అనుమానం కలిగిందని ఎవరితో చెప్పుకుంటాం?

అమ్మ వేళ్ళు మిరపకోతల్లో, పొగాకు గుచ్చడంలో అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద ఆవిడ బొటనవేలు పడదు. డీలరు చెయ్యి తుడవమంటాడు, నూనె రాయమంటాడు, వేలు మార్చమంటాడు, ఆఖరికి కన్ను పెట్టిస్తాడు. తన బియ్యం తన వేలితో తెచ్చుకోలేని మనిషి, స్టేట్‌మెంట్‌లో ఉన్న, తానెన్నడూ చూడని రాష్ట్రంలో మాత్రం ఇంచక్కా వేలు పెట్టి పదేసి వేలు తీసిందన్నమాట! ఈ సంగతే బ్యాంకులో అడిగాను. “అది వేరే మిషనమ్మా” అన్నారు.

1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాక సైబర్ క్రైమ్ స్టేషనుకు వెళ్ళాను. అక్కడి కానిస్టేబుల్ స్టేట్‌మెంట్ చూడగానే అడిగాడు: “ఈమధ్య రిజిస్ట్రేషన్ ఏమన్నా చేయించారా మేడమ్?” దస్తావేజు మీద వేలిముద్రా ఉంటుంది, ఆధార్ నంబరూ ఉంటుంది. 2018లో తెలంగాణలో ఓ సిమ్ కార్డుల వ్యాపారి దస్తావేజుల మీది ముద్రలతో రబ్బరు వేళ్ళు చేసి, ఎవరెవరి పేర్లతోనో సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా అదే కిటుకుతో ఏకంగా ఖాతాల్లోనే చెయ్యి పెట్టింది. కానిస్టేబుల్ చెప్పింది ఇంటికొచ్చి చెబితే అమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. “అయితే ఏమే, నా వేలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంటుందా?” అంది.

మా సొమ్ము ఏ దారిన పోయిందో ఈనాటికీ తేలలేదు. తేలేదెట్లా? గ్యాసుకు, సిమ్‌కు, పొదుపు సంఘానికి, ఆస్పత్రికి, కొండమీద గదికి, నాన్న మరణ ధ్రువీకరణకు, అమ్మ ఆధార్ జిరాక్సు ఇవ్వని చోటు లేదు. ఎందుకని అడిగితే పని ఆగుతుంది. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు ఆధార్ తప్పనిసరి చేయకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న చెప్పింది. ఆ తీర్పు మా సెంటర్లోని సిమ్ కొట్టుకు ఇంకా చేరలేదు.

బ్యాంకువాళ్ళు ఇంకో మెలిక పెట్టారు. మెసేజ్ వచ్చిన మూడు పని దినాల్లో చెప్పలేదట. ఖాతాకిచ్చిన నంబరు నాన్నది. ఆయన పోయాక ఆ సిమ్ ఆగిపోయింది. అందని మెసేజ్‌కు గడువు ఎక్కణ్ణించి లెక్కేస్తారు? రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌ను ప్రింటు తీసి, ఖాతాదారు తప్పుందని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదేనన్న వాక్యం కింద గీత గీసి మేనేజర్ ముందు పెట్టాను. ఆయన చదివి, పై ఆఫీసుకు పంపుతామన్నారు. నెల దాటినా సరైన జవాబు లేకపోతే అంబుడ్స్‌మన్‌కు రాశాను. డబ్బు తిరిగి వచ్చేసరికి ఆ పంట చేతికొచ్చింది, ఎరువుల బాకీకి వడ్డీ కూడా కట్టాం.

ఇప్పుడు అమ్మ బయోమెట్రిక్‌ను లాక్ చేసి ఉంచాం. జిరాక్సు అడిగినచోట ఆఖరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నాం. కొందరు తీసుకుంటారు, కొందరు “ఇది చెల్లదు” అని విసిరేస్తారు. లాక్‌లో ఉంటే రేషనుకు కన్నూ పడదు. అవసరమైనప్పుడల్లా అన్నయ్య నాకు ఫోన్ చేస్తాడు, నేను తాళం తీస్తాను. పది నిమిషాల్లో మళ్ళీ దానంతటదే పడిపోతుంది. ఆలోపు వరస రాకపోతే మళ్ళీ ఫోన్.

వదిన నాతో మళ్ళీ మాట్లాడుతోంది, పైపైనే. మేనల్లుడికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకు క్షమాపణలు చెప్పే ఆనవాయితీ లేదు. నానమ్మను ఆస్పత్రికి తీసుకెళ్తాడు, గుడికి తీసుకెళ్తాడు. మినీ బ్యాంకుకి మాత్రం అన్నయ్యను వెళ్ళమంటాడు.